తాతగారి చేపల ఈటె: వారసత్వ వస్తువుల పరిరక్షణ

ఊపిరి బిగబట్టి, నీట మునిగి, ఈటెతో చేపను వేటాడటం మానవునికి అతి ప్రాచీనమైన విద్య. అందుకు ఆధునిక పరికరాలు అనేకం రూపొందినది మాత్రం ఫ్రాన్సు దేశపు దక్షిణ తీరంలో. లూయీ ద కోర్లియూ 1933లో కాలిరెక్కలకు పేటెంటు పొందాడు. అక్కడ నివసించిన అమెరికన్ రచయిత గై గిల్‌పాట్రిక్ విమాన చోదకుల కళ్లద్దాలకు లప్పం పూసి, నీరు చొరకుండా చేసుకొని వేటాడేవాడు. ఆ అనుభవాలను 1938లో గ్రంథంగా వెలువరించాడు. స్ప్రింగు బలంతోను, రబ్బరు పట్టీల బలంతోను ఈటెను విసిరే తుపాకులు పిమ్మట ప్రచారంలోకి వచ్చాయి.

అట్టి తుపాకి తాతగారి పెట్టెలో లభించినప్పుడు మనుమడు చేయవలసినదేమి? తళతళ మెరిసేటట్లు తోమాలని మొదట తోస్తుంది. అదే పెద్ద పొరపాటు. తోమితే తుప్పుతో పాటు తయారీదారు ముద్ర, తాతగారి చేతి ఒరిపిడి కూడ చెరిగిపోతాయి.

ముందుగా ఈటె ఎక్కుపెట్టి లేదని నిశ్చయించుకోవాలి. స్ప్రింగు బిగువును నిపుణుడే విప్పాలి. ఉన్నదున్నట్లు ఛాయాచిత్రాలు తీసి, ఏ మర ఎక్కడిదో వ్రాసి ఉంచాలి.

అసలు శత్రువు ఉప్పు. లోహపు సందులలో దాగిన క్లోరైడు గాలిలోని తేమను పీల్చి, ఏండ్లు గడిచినా లోహాన్ని తినివేస్తూనే ఉంటుంది. అల్యూమినియం గొట్టానికి ఇత్తడి మరలు ఉంటే, ఉప్పుతేమ వాటి నడుమ విద్యుత్ ఘటాన్ని కల్పిస్తుంది, క్షీణించేది అల్యూమినియమే. కనుక లోహభాగాలను మంచినీటిలోను, చివర స్వేదనజలంలోను నానబెట్టి, నీరు మారుస్తూ ఉండాలి. ఉప్పు పోయినదని తెలిసేదెట్లు? మన రసాయనశాలలో నేర్చిన పరీక్షయే చాలు. నానబెట్టిన స్వేదనజలంలో కొంత తీసి, సజల నత్రికామ్లం, సిల్వర్ నైట్రేట్ కలిపితే తెల్లని అవక్షేపం ఏర్పడినంత కాలం ఉప్పు మిగిలి ఉన్నట్లే. పిమ్మట తడి లేకుండ ఆరబెట్టి, ఉక్కుకు పలుచగా నూనె పూయాలి. కాస్టిక్ సోడా అల్యూమినియాన్ని కరిగిస్తుంది. దానిని దరి చేరనీయరాదు. కొయ్యపిడిని నానబెట్టక తడిగుడ్డతో తుడిచి, ఆరిన మీదట అవిసె నూనె కొద్దిగా పట్టించాలి.

రబ్బరు సంగతి వేరు. ప్రాణవాయువు, ఓజోను, వెలుతురు దాని అణుబంధాలను చెరుస్తాయి. పగిలిన రబ్బరును తిరిగి మెత్తబరచే మందు లేదు. దానిని మడవక, రాగి, ఇత్తడి తగలనీయక, చీకటిలో చల్లని చోట భద్రపరచడమే కర్తవ్యం. పాత పట్టీలను లాగి చూడటం ప్రమాదకరం. కొత్త పట్టీ తొడిగినంత మాత్రాన తుపాకి వాడుకకు తగినదని భావించరాదు. లోపలి కొక్కెం అరిగి ఉండవచ్చు. తీసిన పాత పట్టీని పారవేయక, చీటీ కట్టి దాచాలి.

విద్యార్థి మిత్రులారా! తెలుగున వారసత్వమన్నా, ఉర్దూలో విరాసత్ అన్నా, మనకు సంక్రమించేది వస్తువు మాత్రమే కాదు, దాని కథ కూడ. ఆ కథ తెలిసిన పెద్దలు ఉన్నప్పుడే అడిగి వ్రాసుకోండి. లోహాన్ని రసాయనశాస్త్రం కాపాడగలదు. అడగని మాటను ఏ శాస్త్రమూ కాపాడలేదు.