తిరగబడిన పడవ: తోటివారిని కాపాడే తీరు

తిరుత్తణి కొండల నడుమ, తిరువళ్లూరు చెరువుల చేరువలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు సముద్రంతో నిత్య పరిచయం ఉండదు. అయినా సెలవు దినాలలో ఇదే జిల్లా తూర్పు అంచున ఉన్న పళవేర్కాడుకు పొన్నేరి మీదుగా బయలుదేరేవారు ఎందరో ఉన్నారు. పటాలలో పులికాట్ అని, తెలుగువారి నోట ప్రళయకావేరి అని వినిపించే ఉప్పునీటి సరస్సు అక్కడిదే. సూళ్లూరుపేట, తడ ప్రాంతాల నుండి దక్షిణంగా విస్తరించిన ఈ సరస్సు పళవేర్కాడు వద్ద సముద్రంతో కలుస్తుంది. 2011 డిసెంబరు 25న, క్రిస్మస్ సెలవునాడు, ఇక్కడ విహారానికి వెళ్లిన ఒక పడవ తిరగబడి 22 మంది మరణించారు.

చెన్నై పరిసర తీరాలలో ఇటీవల కయాక్ విహారం కూడా వ్యాప్తిలోకి వచ్చింది. ఒకరు లేదా ఇద్దరు కూర్చొని తెడ్డుతో నడిపే సన్నని పడవ కయాక్. వెడల్పు తక్కువ కనుక పక్క అల తగిలితే తేలికగా తిరగబడుతుంది. పెద్ద పడవ మునిగితే సహాయం బయటి నుండి రావాలి. కయాక్ తిరగబడినప్పుడు మాత్రం మొదటి సహాయకుడు పక్క కయాక్‌లోనే ఉంటాడు. అతడు చేసే పని మీదనే తోటివాని ప్రాణం ఆధారపడుతుంది.

సహాయకుడు మొదట తెలుసుకోవలసిన నియమం ఒక్కటే: నీటిలోకి దూకరాదు. అతడు దూకితే నీటిలో ఇద్దరవుతారు, పడవపై ఒక్కరూ మిగలరు. మునిగిపోతానన్న భయంలో ఉన్నవాడు చేతికందిన మనిషిని గట్టిగా పట్టుకొని నీటి అడుగుకు నొక్కివేయడం సహజం. అందువలన సహాయకుడు తన కయాక్‌లోనే ఉండి, దగ్గరకు వచ్చి, “దెబ్బ తగిలిందా? పడవను వదలకు, తెడ్డును వదలకు” అని స్పష్టంగా చెప్పాలి. బోర్లాపడిన కయాక్ చాలావరకు తేలుతూనే ఉంటుంది. ఈ తీరపు మత్స్యకారుల కట్టుమరం నేర్పే పాఠమూ ఇదే. దుంగలు కట్టి చేసిన ఆ తెప్ప తిరగబడినా మునగదు. దానిని పట్టుకున్నవాడు మునగడు. గాలికి కొట్టుకుపోయే ఖాళీ పడవను ఈదుతూ అందుకోవడం మంచి ఈతగానికి కూడా కష్టం.

తరువాతి పని వరుసగా జరగాలి. సహాయకుడు బోర్లాపడిన కయాక్ ముందు కొన వద్దకు చేరి, తన కయాక్‌ను దానికి అడ్డంగా నిలుపుతాడు. నీటిలో ఉన్నవాడు వెనుక కొనను కిందికి నొక్కితే ముందు కొన పైకి లేస్తుంది. సహాయకుడు దానిని తన కయాక్ మీదికి లాగుకుంటే లోపలి నీరు కారిపోతుంది. అప్పుడు దానిని వెల్లకిల తిప్పి మరల నీటిలోకి జారవిడవాలి. కూర్చునే గూడు లేకుండా పైభాగం తెరచి ఉండే కయాక్‌లో నీరు నిలవదు కనుక తిప్పితే చాలును.

పిమ్మట రెండు కయాక్‌లను పక్కపక్కగా, ఒకదాని ముందు కొన మరొకదాని వెనుక కొనవైపు ఉండేటట్లు చేర్చాలి. సహాయకుడు ఖాళీ కయాక్ మీదికి ఒరిగి, కూర్చునే చోటి అంచును రెండు చేతులా గట్టిగా పట్టుకోవాలి. అలా కలిసిన రెండు కయాక్‌లు ఒకే వెడల్పయిన పడవవలె నిలకడగా ఉంటాయి. నీటిలో ఉన్నవాడు కాళ్లు ఆడిస్తూ వెనుక భాగం మీదికి బోర్లా ఎక్కి, కాళ్లను లోపలికి చేర్చి, మెల్లగా తిరిగి కూర్చుంటాడు. అతడు తెడ్డు చేతికి తీసుకొని కుదురుకునే వరకు సహాయకుడు పట్టు సడలించరాదు.

ఈ పద్ధతిని లోతు తక్కువైన నిలకడ నీటిలో, శిక్షకుని సమక్షంలో ముందే అభ్యసించాలి. పళవేర్కాడు వద్ద సరస్సు సముద్రంతో కలిసే ముఖద్వారం అభ్యాసానికి తగిన చోటు కాదు. ఆటు సమయంలో సరస్సు నీరు వేగంగా వెలుపలికి పోతుంది. ఆ ప్రవాహం మనిషినీ పడవనూ సముద్రంలోకి లాగుకొనిపోగలదు. అధికారుల అనుమతి ఉన్నచోటనే పడవ ఎక్కాలి. ఈత వచ్చినవారైనా లైఫ్ జాకెట్ ధరించి, పట్టీలు బిగించుకోవాలి. ఒంటరిగా వెళ్లరాదు.

ఒడ్డుకు చేర్చినవాడు స్పృహ లేక, ఊపిరి ఆడక ఉంటే పొట్ట నొక్కడం, తలకిందులుగా వేలాడదీయడం వంటి పాత పద్ధతులు హాని చేస్తాయి. వెంటనే నోటి ద్వారా ఊపిరి ఊది, ఆపై ఛాతీ నడుమ 30 నొక్కులు, 2 ఊపిరులు చొప్పున సహాయం అందేవరకు కొనసాగించాలి. కోలుకున్నట్లు కనిపించినా దగ్గు, ఆయాసం ఉంటే ఆసుపత్రికి తీసుకొనిపోవాలి.

అంబులెన్సుకు 108, తమిళనాడు తీర భద్రతా పోలీసులకు 1093, భారత తీర రక్షక దళానికి 1554. దరిదాపుల్లో మత్స్యకారులు ఉంటే “కాపాత్తుంగ” అని కేక వేయాలి. కాపాడండి అని దాని అర్థం. తమిళం రానివారు కూడా పడవ ఎక్కకముందే ఈ ఒక్క మాట నేర్చుకోవడం మేలు.