కుందేళ్లకు బీమా చేయించాలా?

వేసవి సెలవులకు ముందు ఒక ఆదివారం, ఆరాధన ముగిసి అందరం వేపచెట్టు కింద నిలబడి ఉండగా, మా సంఘపు సహోదరి ఒకరు మా దంపతులిద్దరినీ పక్కకు పిలిచారు. “అన్నయ్యా, వదినా, మా పిల్లలు ఆరు కుందేళ్లను పెంచుతున్నారు. గేదెలకు చేయించే బీమా వీటికి కూడా ఉందట. చేయించమంటారా?” అని అడిగారు. గేదె విషయంలోనూ కుందేలు విషయంలోనూ దెబ్బతిన్నవాళ్లం గనుక మమ్మల్ని అడగడం సబబే. అప్పటికప్పుడు జవాబు తోచక ఇంటికి వచ్చి కాగితం, పెన్ను పట్టుకుని కూర్చున్నాము.

ఉందన్న మాట నిజమే. 2014-15లో మొదలైన జాతీయ పశుసంపద మిషన్ కింద ఆవులు, గేదెలతో పాటు గొర్రెలు, మేకలు, పందులు, కుందేళ్లకు కూడా బీమా వర్తింపజేశారు. పది చిన్న జీవాలను ఒక పెద్ద పశువు కింద లెక్కగడతారు. 2024లో కేంద్ర మంత్రివర్గం ప్రీమియంలో రైతు వాటాను నూటికి 15 వంతులకు తగ్గించింది. అంతకు ముందు అది 20 నుండి 50 వరకు ఉండేది. మిగిలిన సొమ్మును కేంద్రం, రాష్ట్రం భరిస్తాయి. అయితే మీ మండలంలో ఈ ఏడు పథకం నడుస్తున్నదో లేదో పశువైద్యశాలలో ముందుగా కనుక్కోవాలి.

ఇక లెక్క. ప్రీమియం నూటికి నాలుగు రూపాయలు అనుకుందాం. 80,000 రూపాయల గేదెకు మొత్తం 3,200. అందులో మన వాటా 480. అదే 500 రూపాయల కుందేలుకు మొత్తం 20, మన వాటా మూడు రూపాయలు! ఇంత చవక అయితే ఆలోచన దేనికి అని మాకూ అనిపించింది.

చిక్కు ఇక్కడ ఉంది. మన పశువుల బీమా ముఖ్యంగా చావుకు ఇచ్చే సొమ్మే గాని వైద్యానికి ఇచ్చేది కాదు. ఇంగ్లాండు వంటి దేశాల్లో ఇంట్లో పెంచుకునే కుందేలుకు జబ్బు చేస్తే డాక్టరు బిల్లు చెల్లించే బీమా దొరుకుతుంది. మనది ఆ రకం కాదు. పైగా ప్రతి జీవానికీ గుర్తు వేయించాలి, డాక్టరు ధ్రువపత్రం ఉండాలి, చనిపోతే వెంటనే తెలియజేసి శవపరీక్ష చేయించాలి. మే నెల ఎండలో చచ్చిన కుందేలును అంతసేపు ఎక్కడ దాస్తాము? 500 రూపాయల కోసం రెండు రోజుల కూలి పోగొట్టుకుని తిరగాలి.

మా అమ్మాయి పెంచిన తెల్ల కుందేలు పోయిన తీరు చెబుతాము. ఒక శనివారం సాయంత్రం అది మేత ముట్టలేదు, పెంటికలూ వేయలేదు. రేపటికి సర్దుకుంటుందిలే అనుకున్నాము. ఆదివారం మందుల షాపులో అడిగితే పిల్లలకు వాడే అమోక్సిసిల్లిన్ ఇచ్చారు. మేము దాన్ని నోట్లో పోశాము. సోమవారం తెల్లవారేసరికి అది లేదు. తరువాత పశువుల డాక్టరుగారు చెప్పగా తెలిసింది, ఆ మందు నోటిద్వారా ఇస్తే కుందేలు కడుపులోని మేలుచేసే సూక్ష్మజీవులు చచ్చి ప్రాణానికే ముప్పు వస్తుందట. కుందేలు పూట మేత మానితే మరుసటి రోజుదాకా ఆగకూడదట. అమ్మాయి రెండు రోజులు అన్నం తినలేదు. ఆ శనివారం మాకు కావలసింది బీమా కాగితం కాదు, ఆటోకు, డాక్టరుకు చేతిలో నాలుగు వందలు.

గేదె సంగతి వేరు. 2016లో బ్యాంకు అప్పుతో కొన్న ముర్రా గేదెకు బీమా ఉన్నది. ముళ్లకంచెలో చెవి ట్యాగు తెగి పడిపోయింది. మళ్లీ వేయిద్దాంలే అని నెల గడిపాము. ఇంతలో పాము కరిచి గేదె చనిపోయింది. ట్యాగు లేదు గనుక సొమ్ము లేదన్నారు. పాలు లేకుండానే రెండేళ్లు వాయిదాలు కట్టాము. తప్పు మాదే, ఎవరిని అనగలం?

కుందేలు సుమారు 31 రోజులకు ఈనుతుంది, ఈతకు అయిదారు పిల్లలు మామూలే. ఒకటి పోతే దొడ్లోనే మరొకటి తయారవుతుంది. గేదె చూలు పది నెలలు మోయాలి, పోతే సంసారమే కుంటుపడుతుంది. అందుచేత ఆ సహోదరికి ఇలా చెప్పాము: “గేదెకు తప్పక చేయించమ్మా. ఆరు కుందేళ్లకు వద్దు. నెలకు యాభై రూపాయలు ఒక డబ్బాలో వేయి. ఎండ 35 డిగ్రీలు దాటితే బోను మీద తడి గోనెపట్టా కప్పు.” అప్పు తెచ్చి యాభై, వంద కుందేళ్లను అమ్మకానికి పెంచేవారైతే మా జవాబు మారుతుంది. వారికి చెవిపై నంబరు ఎలాగూ ఉంటుంది గనుక, ఏయే జబ్బులకు సొమ్ము రాదో, ఎన్ని రోజుల తరువాత బీమా అమలులోకి వస్తుందో అడిగి తెలుసుకుని చేయించుకోవచ్చు.

ఆ సహోదరి ఇంట్లో ఇప్పుడు పాత బోర్నవిటా డబ్బా ఒకటి బోను పైన ఉంది. పోయిన నెల చెవి గజ్జికి వైద్యం అందులోని సొమ్ముతోనే అయింది. మేమైతే ఉదయం పాలు పిండేముందు గేదె చెవి తడిమి చూస్తున్నాము.