గాలిలో పి.పి.ఎం. అంటే ఎన్ని అణువులు?

సంఘం దగ్గర వెన్న పరీక్ష చేసే గాజుగొట్టాన్ని సభ్యులందరూ చూసే వుంటారు. దాని మీద అతి చిన్న గీత 0.1 శాతానికి గుర్తు. అంటే వెయ్యిలో ఒక భాగం, పది లక్షలలో వెయ్యి భాగాలు. పది లక్షల భాగాలలో ఎన్ని భాగాలు అనే లెక్కనే పి.పి.ఎం. అంటారు. ఆ చిన్న గీత 1000 పి.పి.ఎం. అన్నమాట. ఆరు శాతం వెన్న గల గేదె పాలు 60,000 పి.పి.ఎం. పాలకు ఇంత పెద్ద అంకెలు అనవసరం గనుక శాతంతో సరిపెట్టుకుంటాము. గాలిలోని విషవాయువుల సంగతి వేరు. అక్కడ 25, 100 అనే అంకెలకే ఇబ్బంది మొదలవుతుంది.

రెండు లెక్కలకూ మరొక తేడా వున్నది. వెన్న శాతం బరువును బట్టి చెప్పేది, వాయువుల పి.పి.ఎం. ఘనపరిమాణాన్ని బట్టి చెప్పేది. ఇటలీ శాస్త్రజ్ఞుడు అవొగాడ్రో 1811లో ఒక సూత్రం ప్రతిపాదించాడు. ఒకే వేడిమి, ఒకే పీడనం వద్ద ఒకే ఘనపరిమాణంలో ఏ వాయువుకైనా అణువుల సంఖ్య ఒక్కటే. ఒక బస్తాలో ఆవాలు ఎన్ని పడతాయో గుమ్మడికాయలూ అన్నే పడతాయి అన్నట్టు వినిపిస్తుంది గాని, వాయువులో అణువుల నడుమ ఖాళీయే అధికం గనుక అణువు చిన్నదా పెద్దదా అన్నది దాదాపు లెక్కకు రాదు. కనుక 25 పి.పి.ఎం. అమ్మోనియా అంటే, పది లక్షల గాలి అణువులలో 25 అమ్మోనియా అణువులు.

ఇక ఒక ఘన సెంటీమీటరు గాలిలో మొత్తం అణువులు ఎన్ని? 25 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద, సముద్రమట్టపు పీడనంలో, 602 పక్కన 21 సున్నలు పెట్టినన్ని అణువులకు 24.5 లీటర్ల చోటు కావాలి. 24,500తో భాగిస్తే ఘన సెంటీమీటరుకు 2.46 లక్షల కోట్ల కోట్లు వస్తాయి. దానిని పది లక్షలతో భాగించండి. 24.6 లక్షల కోట్లు. ఒక్క పి.పి.ఎం. విలువ అదే. ఎన్ని పి.పి.ఎం. అయితే అన్నిసార్లు హెచ్చవేయడమే.

మూసివున్న కొట్టంలో మూత్రం నిలిచి కళ్ళు మండించే అమ్మోనియానే తీసుకుందాం. పనిచేసే చోట ఎనిమిది గంటల సగటుకు 25 పి.పి.ఎం. హద్దుగా అనేక దేశాలలో పాటిస్తారు. 25ను 24.6తో హెచ్చవేస్తే ఘన సెంటీమీటరుకు 615 లక్షల కోట్ల అణువులు! తూకం వేస్తే మాత్రం ఘనమీటరు గాలిలో 17 మిల్లీగ్రాములే. (25ను అమ్మోనియా అణుభారం 17తో హెచ్చవేసి 24.5తో భాగించాలి.)

వేడిమి పెరిగితే గాలి వ్యాకోచిస్తుంది. పాలు వెచ్చగా వుంటే లాక్టోమీటరు అంకెను సవరించుకుంటాము గదా, ఇక్కడా అంతే. 40 డిగ్రీల ఎండలో ఒక పి.పి.ఎం. 24.6కు బదులు 23.4 లక్షల కోట్లే. నిష్పత్తి మారదు, సంఖ్య మారుతుంది.

ఈ లెక్క అసలు అవసరం గోబర్ గ్యాస్ గుంత దగ్గర. పేడ కుళ్ళినప్పుడు మీథేను, బొగ్గుపులుసు వాయువులతోపాటు హైడ్రోజన్ సల్ఫైడ్ కూడా పుడుతుంది. శుద్ధి చేయని గోబర్ గ్యాస్‌లో ఇది కొన్ని వందల నుంచి కొన్ని వేల పి.పి.ఎం. దాకా వుండవచ్చు. గాలి కన్న బరువు గనుక గుంత అడుగున నిలుస్తుంది. పేడనీటిని కలియబెడితే ఒక్కసారిగా పైకి వస్తుంది. ఒక్క పి.పి.ఎం. కన్న తక్కువలోనే కుళ్ళిన కోడిగుడ్డు వాసన తెలుస్తుంది. ఆ ధైర్యంతోనే చాలామంది మోసపోతున్నారు. 100 పి.పి.ఎం. దాటేసరికి ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. వాసన పోయింది, గ్యాసూ పోయిందనుకుని మనిషి దిగుతాడు. 500 దాటితే కొద్ది నిమిషాలలో స్పృహ తప్పుతుంది. 1000 వద్ద ఒకటి రెండు శ్వాసలకే కుప్పకూలవచ్చు. వెన్న గొట్టం మీది చిన్న గీత అంత! పాల దగ్గర ఆ గీత తేడా వస్తే కొన్ని పైసలు పోతాయి.

పడిపోయినవాణ్ణి తీయడానికి దిగిన అన్నో తమ్ముడో కూడా అదే గాలి పీలుస్తాడు. మూతికి తువ్వాలు కట్టుకుంటే ఈ అణువులు ఆగవు. దీపం దించి చూడడం అంతకన్న ప్రమాదం. గాలిలో మీథేను 5 నుంచి 15 శాతం, అంటే 50,000 నుంచి 1,50,000 పి.పి.ఎం. మధ్య వుంటే నిప్పు తగలగానే పేలుతుంది. పైగా విషవాయువు వున్నదీ లేనిదీ దీపం చెప్పదు. గుంత శుభ్రం చేయవలసి వస్తే గ్యాస్ కొలిచే మీటరు, గాలి సరఫరా గల ముసుగు, నడుముకు తాడు, పైన కాపలాకు మనుషులు వుండే శిక్షణ పొందినవారినే పిలవండి. మీటరును తాడుతో అడుగుదాకా దించి అంకె చూడమనండి. గుంత నోటి దగ్గర చూపిన అంకె అడుగుకు వర్తించదు.