తోకచుక్క పొడిచిన సంచిక

కత్తి, మంత్రం కలిసిన కథలకు అమెరికాలో పెద్ద పేరు 'కోనన్ ది బార్బేరియన్'. మార్వెల్ సంస్థ ఆ బొమ్మల పుస్తకం మొదటి సంచికను 1970 అక్టోబరు తేదీతో తెచ్చింది. మన పిల్లలు అంతకు 16 ఏళ్ళ ముందే ఏకాక్షి, చతుర్నేత్రుల పోరులో మునిగిపోయారు. 1954లో పిల్లల మాసపత్రిక చందమామలో మొదలైన 'తోకచుక్క' ధారావాహిక చలవ అది. అంతెందుకు, ఈ తరహా కథలకు ఇంగ్లీషులో ఇప్పుడున్న పేరును ఫ్రిట్జ్ లైబర్ అనే రచయిత సూచించింది 1961లో. పేరు స్థిరపడక ముందే సరుకు మన దగ్గరుంది!

తోకచుక్క కామిక్ కాదు, బొమ్మలున్న సీరియల్. కానీ చందమామ చిత్రకారుడు 'చిత్ర' గీసిన బొమ్మలు పక్కన పెట్టి ఆ కథ తలుచుకోగలవాళ్ళు ఎవరు? కుండలినీ ద్వీపం సేనాని సమరసేనుడు ఓడల మీద బయలుదేరి మాంత్రికుల దీవిలో చిక్కుకుంటాడు. అక్కడ ఒక వైపు ఒంటికన్ను ఏకాక్షి, మరో వైపు నాలుగు కళ్ళ చతుర్నేత్రుడు, అతని కొలువులో గుడ్లగూబ, నరవానరం. ఇద్దరి మధ్యా ఇరుక్కున్న సేనానికి ఆయుధాలు రెండే, కత్తి, బుద్ధి. ఈ చిక్కుముడి మీదే కథంతా నడుస్తుంది.

దీన్ని రాసింది దాసరి సుబ్రహ్మణ్యం. తెనాలి ప్రాంతం మనిషి. 1952లో చందమామలో చేరారు. తోకచుక్క తర్వాత మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, రాతిరథం, యక్షపర్వతం, మాయాసరోవరం, భల్లూక మాంత్రికుడు... దాదాపు పాతికేళ్ళ పాటు తెలుగు పిల్లలకు నిద్ర లేకుండా చేసింది ఈయనే. అయినా ఆ సీరియళ్ళ మీద రచయిత పేరు అచ్చయ్యేది కాదు. అందుకే కథలు నోటికొచ్చినవాళ్ళకు కూడా చాలాకాలం దాసరి ఎవరో తెలియలేదు. నాకు ఇది పెద్ద అన్యాయంగానే తోస్తుంది. చందమామ బేతాళుడి బొమ్మకు చిత్రకారుడు శంకర్‌ని తలుచుకున్నట్టు, నరవానరానికి దాసరిని తలుచుకునే అవకాశం మనకు ఆలస్యంగా దొరికింది.

ఇంకో విశేషం. ఇన్ని మంత్రాలు, ఇన్ని కపాలాలు సృష్టించిన దాసరికి మంత్రాల మీద నమ్మకం లేదు. ఆయన హేతువాది. బహుశా అందుకే ఆయన కథల్లో మాంత్రికుడు చివరికి మనిషి తెలివి ముందు ఓడిపోతాడు. నాయకులు కూడా అందరూ రాజకుమారులేం కాదు, శిథిలాలయంలో శిఖిముఖి శబర గూడెం కుర్రవాడు. యక్షపర్వతంలో ఖడ్గవర్మ చేతిలో కత్తి, జీవదత్తుడి చేతిలో మంత్రదండం. ఏ ఒక్కరూ ఒంటరిగా గట్టెక్కలేని జంట అది.

మా ఊరు తాటిపాకలో పాత చందమామలు దొరికేవి ఎక్కువగా కుట్టిన బైండుల్లోనే. సీరియల్ పేజీలు విడదీసి, నెలల వరసలో పెట్టి, దబ్బనంతో రంధ్రాలు చేసి దారంతో కుట్టేవారు. అలాంటి బైండు ఒకటి చేత పట్టుకుంటే ప్రతి భాగం మొదట్లోనూ వెనకటి కథ నాలుగు ముక్కల్లో, చివర 'ఇంకా ఉంది'. బైండులో మాత్రం పేజీ తిప్పితే చాలు, తరువాయి భాగం సిద్ధం. సంచిక కోసం కాచుకున్నవాళ్ళకు ఆ సుఖం లేదు. చించినాడ వంతెన రాకముందు పాలకొల్లు వైపు నుంచి మా ఊరు రావాలంటే పంటు (రేవు పడవ) మీద గోదారి దాటాల్సిందే. మనుషులైనా, కాగితాలైనా. వరదొస్తే పంటు ఆగేది. అప్పుడు సమరసేనుడి గతి ఏమైందో తెలియక పిల్లలు పడే అవస్థ చెప్పనలవి కాదు.

చందమామను 1947 జులైలో మొదలుపెట్టిన నాగిరెడ్డి, చక్రపాణే విజయా వారి 'పాతాళభైరవి' సినిమా కూడా తీశారు. అది 1951లో విడుదలయింది. అందులో తోట రాముడు కత్తి పట్టడం, నేపాళ మాంత్రికుడుగా ఎస్.వి. రంగారావు నవ్వడం ఇంకా జనం కళ్ళల్లో, చెవుల్లో ఉండగానే తోకచుక్క వచ్చింది. ఆ సినిమా కథకు ఆధారం మధిర సుబ్బన్న దీక్షితుల 'కాశీమజిలీ కథలు'. దీక్షితులు ఉన్నది మన గోదారి ఒడ్డు రాజమహేంద్రవరంలోనే. మన వైపు గింజే మద్రాసులో చెట్టయిందని గర్వంగా చెప్పుకోవచ్చు.

మళ్ళీ కోనన్ సంగతి. ఆ పాత్రను 1932లో రాబర్ట్ హోవర్డ్ కథగా రాశాడు. బొమ్మల పుస్తకం చేద్దామని మార్వెల్ రచయిత రాయ్ థామస్ అడిగినప్పుడు హక్కులకు ఒప్పుకున్న సొమ్ము సంచికకు 200 డాలర్లు. దాంతో పేరున్న చిత్రకారుడు జాన్ బుసెమాకు ఇచ్చేందుకు డబ్బు చాలక, బారీ స్మిత్ అనే ఇరవై ఏళ్ళ కుర్రవాడికి పని అప్పగించారు. ఆ కుర్రవాడే తర్వాత ఆ శైలికి గురువయ్యాడు.

ఇక మన తోకచుక్క దగ్గరికొస్తే, చిత్ర గీసిన అవే బొమ్మలు తెలుగు చందమామతో పాటు తమిళం, హిందీ, కన్నడం లాంటి ఇతర భాషల సంచికల్లోనూ వచ్చేవి. తెలుగులో పుట్టిన మాంత్రికులు అలా దేశమంతా తిరిగారు.

దాసరి 2010 జనవరిలో కన్నుమూశారు. ఆయన సీరియళ్ళు ఇప్పుడు పుస్తకాలుగా దొరుకుతున్నాయి, అట్ట మీద ఆయన పేరుతోనే.