దీపావళి నాడు ఇంట లేని ఇంటిపెద్ద

కొనకనమిట్ల: దీపావళి రాత్రి ఊరంతా పిల్లాపాపలతో వాకిళ్లలో చేరి టపాకాయలు కాలుస్తుంది. ఆ రాత్రి తన పిల్లల పక్కన నిలబడే భాగ్యం లేని తండ్రి ఒకరున్నారు. ఆయనే అగ్నిమాపక కేంద్రంలో పనిచేసే ఫైర్‌మన్. పండుగ ఊరందరిదీ, కాపలా ఆయనది. వేసవి సంగతీ అంతే. పిల్లలకు బడి సెలవులు, బంధువుల ఇళ్లలో పెళ్లి ముహూర్తాలు వచ్చేది ఎండాకాలంలోనే. వాములు, పూరిళ్లు అంటుకునేదీ ఆ రోజుల్లోనే. ఏటా ఈ రెండు కాలాలనూ కుటుంబానికి దూరంగా గడిపి, సంసారాన్ని ఈదుకొచ్చిన మనిషి పదవీ విరమణ చేసి ఊరు చేరితే, పింఛను తీసుకునే పదిమందిలో ఒకడిగా కలిసిపోతాడు.

చదువు చెప్పిన మాస్టారిని ఊరు గుర్తుంచుకుంటుంది. చెరువుకట్ట వేయించిన పెద్దమనిషిని గుర్తుంచుకుంటుంది. ఫైర్‌మన్‌ను గుర్తుంచుకోవడం అరుదు. దానికి కారణం లేకపోలేదు. కట్టిన కట్ట కంటికి కనబడుతుంది. కాలకుండా మిగిలిన ఇల్లు మాత్రం అన్ని ఇళ్లలాగే ఉంటుంది. ఆయన సేవకు గుర్తు మిగలదు.

కేంద్రంలో గంట మోగితే తింటున్న అన్నం ముందు నుంచి లేవాలి. డ్రైవరు, లీడింగ్ ఫైర్‌మన్, ఫైర్‌మన్లు క్షణాల్లో బండెక్కాలి. మామూలు ఫైరింజనులో పట్టే నీరు సుమారు 4,500 లీటర్లు. పూర్తిగా వదిలితే కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. అందుకే అనుభవమున్న ఫైర్‌మన్ మంట దగ్గరకు చేరగానే బావి ఎక్కడ, చెరువు ఎక్కడ, మోటారు ఎక్కడ అని అడుగుతాడు. ఒక్కొక్కటి 15 మీటర్ల పొడవుండే గొట్టాలను ఒకదానికొకటి తగిలించి, పొగలోకి లాక్కుపోతాడు. మంట కంటే పొగే ఎక్కువమందిని బలిగొంటుందని ఆయనకు తెలుసు. బావిలో పడ్డ మనిషిని, పశువును పైకి తీసేదీ, వరదలో చిక్కినవారిని గట్టెక్కించేదీ ఆ చేతులే.

ఏప్రిల్ 14 నుంచి 20 వరకు దేశమంతటా అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికిన్ అనే ఓడ పేలింది. అందులో పత్తి బేళ్లు, పేలుడు సామగ్రి రెండూ ఉన్నాయి. మధ్యాహ్నం పొగ కనిపించింది. బేళ్ల లోపల కాలుతున్న నిప్పు జాడ దొరకలేదు. ఫైర్‌మన్లు ఓడ లోపలికి నీళ్లు కొడుతూనే ఉన్నారు. నాలుగు గంటలు దాటాక మొదటి పేలుడు, అరగంటలోపే రెండవది. మంటలార్పడానికి వెళ్లిన 66 మంది తిరిగి ఇళ్లకు రాలేదు. వారి స్మారకంగానే ఈ వారోత్సవాలు. పత్తి పండించే ఈ ప్రాంతపు రైతుకు ఆ నిప్పు గుణం తెలియనిది కాదు. పైన చల్లారినట్టు కనిపించి, లోపల రాజుకుంటూనే ఉంటుంది.

ఈ ఉద్యోగంలో ఇల్లు వేరు, పని వేరు అనుకోవడానికి వీలుండదు. అమెరికాలోని న్యూయార్క్ నగరంలో లీ ఐయెల్పీ అనే ఆయన ఫైర్‌మన్‌గా పనిచేసి పదవీ విరమణ చేశారు. కొడుకు జొనాథన్ కూడా అదే ఉద్యోగంలో చేరారు. 2001 సెప్టెంబరు 11న జంట భవనాలపై విమానాలతో దాడి జరిగినప్పుడు, తాను అక్కడికి వెళుతున్నట్టు తండ్రికి ఫోనులో చెప్పి కొడుకు బయలుదేరారు. ఆ రోజు చనిపోయిన 343 మంది అగ్నిమాపక సిబ్బందిలో, ఇద్దరు పిల్లల తండ్రి అయిన ఆయన ఒకరు. రిటైరైన తండ్రి ఆ శిథిలాల్లో నెలల తరబడి వెతికారు. డిసెంబరులో కొడుకు దేహం దొరికింది. అయినా ఆయన ఇంటికి వెళ్లిపోలేదు. మిగతా కుటుంబాలవారి బిడ్డల కోసం వెతుకుతూనే ఉన్నారు. పింఛను వచ్చినంత మాత్రాన ఫైర్‌మన్ పని ముగిసిపోదని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

ఇక మన సంగతి. పొదిలి, మార్కాపురం మధ్య దారిలో ఉన్న కొనకనమిట్ల పరిసర పల్లెల్లో మంట లేస్తే ఆ పట్టణాల నుంచి ఫైరింజను రావాలి. చినారికట్లకైనా, పెదారికట్లకైనా, గొట్లగట్టుకైనా అది చేరేదాకా గడిచే సమయం ఊరివాళ్లదే. పొగాకు బ్యారన్ల విషయమే తీసుకుందాం. కర్రలకు కట్టి వేలాడదీసిన ఆకు ఎండి గలగలలాడుతుంటే, కింద గొట్టాలు కాగుతుంటాయి. ఒక్క ఆకు జారి కాగిన గొట్టంపై పడితే చాలు, ఏడాది కష్టం బూడిదవుతుంది. అప్పుడు అప్పు మాత్రమే రైతుకు మిగులుతుంది.

ఆ కొద్దిసేపట్లో ఏం చేయాలో తెలిసిన మనిషి ఊళ్లో ఉంటే అదే అదృష్టం. ముందు 101కు ఫోను చేసి ఊరి పేరు, దారి గుర్తు, కాలుతున్నదేమిటి, నీళ్లెక్కడ ఉన్నాయి అనేవి చెప్పాలి. ఒకరు రోడ్డు మీదికి వెళ్లి బండికి దారి చూపాలి. కరెంటు తీసేదాకా నీళ్లు చల్లరాదు. పశువుల పలుపులు విప్పాలి. ఇల్లు పూర్తిగా అంటుకుంటే, పక్క ఇంటి కప్పును ముందు తడపాలి. గ్యాసు వాసన వస్తే తలుపులు తీయాలేగాని స్విచ్చి ముట్టుకోరాదు. పాడుబడ్డ బావిలో దిగినవాడు పలకకపోతే, వెనుకనే మరొకడు దిగరాదు. ఇవన్నీ ఫైర్‌మన్‌కు కొట్టిన పిండి. ఒక్కో జాగ్రత్త వెనుక ఎవరో ఒకరి ప్రాణం ఉంది.

అటువంటి అనుభవం అరుగు మీద ఊరికే కూర్చుని ఉండటం విచారకరం. ఊళ్లో విశ్రాంత ఫైర్‌మన్ ఉంటే, వారోత్సవాల్లో పంచాయతీ పెద్దలు ఆయనను పిలిచి పదిమందిని కూర్చోబెట్టి చెప్పించుకోవాలి. పొగాకు క్యూరింగ్ మొదలయ్యే ముందు బ్యారన్ల దగ్గరకు వెంటబెట్టుకు వెళ్లాలి. బడి తెరిచాక పిల్లల ముందు నిలబెట్టి, ఒంటిపై బట్టలంటుకుంటే పరుగెత్తక నేలపై దొర్లాలని చేసి చూపించమనాలి. ఆయన ఇల్లాలినీ మరువరాదు. గంట మోగిన ప్రతి రాత్రీ తలుపు చప్పుడు కోసం మేలుకుని, పండుగలన్నీ ఒంటిచేత్తో నడిపింది ఆమె.

మనిషి పోయాక సంతాప సభలో నాలుగు మంచి మాటలు చెప్పడం మనకు అలవాటే. అయితే ఆయన బతికుండగానే ఆయనకు తెలిసింది నేర్చుకుంటే, ఈ వేసవిలో కనీసం ఒక వామి, ఒక కొట్టం, ఒక ప్రాణం దక్కుతాయి. అంతకు మించిన సన్మానం ఆయనకు అక్కరలేదు.