ఇంట చిత్రములు చూచుటకు తగిన ప్లేయరు నెన్నుకొనుట



ఈ దినమున డీవీడీ, బ్లూ-రే ప్లేయర్లను గుఱించి నాలుగు మాటలు మనవి చేయదలచితిని. బడిపంతులునకు యంత్రముల గొడవ యేల యని కొందఱనవచ్చును. మన గ్రామములందు అనేక గృహములలో పెండ్లిండ్ల డిస్కులు బీరువాలలో పడియున్నవి. దివంగతులైన పెద్దల రూపములును, కంఠస్వరములును వానియందు కలవు. ప్రాత ప్లేయరు చెడినది, డిస్కు మిగిలినది, చూచు మార్గము లేదు. కావున నిది కేవలము వినోదమునకు సంబంధించిన విషయము కాదు.

నేను చెప్పదలచిన దొక్కటే. డిస్కు యజమాని, ప్లేయరు సేవకుడు. మన యింట నున్న డిస్కు లెట్టివి, మన టీవీ యెట్టిది అను రెండు ప్రశ్నలకు సమాధానము తెలిసికొనక అంగడికి పోరాదు.

మొదట డిస్కుల భేదమును చూతము. వీసీడీ 1993లోను, డీవీడీ 1996లోను, బ్లూ-రే 2006లోను వెలసినవి. మూడింటి వ్యాసమును 12 సెంటీమీటర్లే. భేదమంతయు వ్రాతయందున్నది. తాటాకుపై మొద్దు ఘంటముతో వ్రాసినచో కొలది పంక్తులే పట్టును; సన్నని ఘంటముతో వ్రాసినచో ఆ యాకుననే అధికముగ పట్టును. డీవీడీని చదువునది 650 నానోమీటర్ల తరంగము గల ఎఱ్ఱని లేజరు కిరణము. బ్లూ-రేను చదువునది 405 నానోమీటర్ల నీలపు టూదావన్నె కిరణము. నానోమీటరనగా మీటరులో నూఱుకోట్లవ వంతు. తరంగము చిన్నదైనకొలది కిరణము మిక్కిలి సూక్ష్మమైన వ్రాతను చదువగలదు. అందుచేతనే ఒక పొర గల డీవీడీలో 4.7 గిగాబైట్లు పట్టగా, ఒక పొర గల బ్లూ-రేలో 25 గిగాబైట్లు పట్టును. మన దేశపు డీవీడీలు పెక్కింటిలో బొమ్మ అడ్డమునకు 720, నిలువునకు 576 చుక్కలతో నుండును. మొత్తము నాలుగు లక్షలకు పైబడును. సామాన్యముగ బ్లూ-రే చిత్రమునందు 1920, 1080 చొప్పున ఇరువది లక్షలకు పైబడును.

బ్లూ-రే ప్లేయరునందు ఎఱ్ఱకిరణమును గూడ అమర్చుదురు. కావున అది డీవీడీని చదువును. డీవీడీ ప్లేయరు మాత్రము బ్లూ-రేను చదువనేరదు. ఇంతమాత్రమున బ్లూ-రే ప్లేయరే సర్వోత్తమమని తలపరాదు. మన యిండ్లలో వీసీడీలు తఱచుగ నుండును. బ్లూ-రే ప్లేయర్లన్నియు వీసీడీని చదువవు. ఇంట వీసీడీలు, డీవీడీలు మాత్రమే యున్నవారికి మంచి డీవీడీ ప్లేయరు చాలునని నా యభిప్రాయము. పెద్ద టీవీయు, బ్లూ-రే డిస్కులును గలవారు రెండవదానిని కొనవచ్చును. డీవీడీని పెద్ద తెరకు తగినట్లు పెంచి చూపుదునని ప్లేయరు పెట్టెపై వ్రాసియుండును. అది నిజమే. కాని భూతద్దములో అక్షరము పెద్దదగునే గాని, వ్రాయని అక్షరము పుట్టదు గదా!

ఇక టీవీ సంగతి. ప్రాత టీవీలకు పసుపు, ఎఱుపు, తెలుపు రంగుల మూడు రంధ్రములుండును. క్రొత్తవానికి హెచ్‌డీఎంఐ యను బల్లపరుపు రంధ్రముండును. కొన్నిటికి మూడు రంగుల రంధ్రములు అసలే యుండవు. టీవీ వెనుక భాగమును ముందుగ చూచి, కాగితముపై వ్రాసికొని పొండు. తీగ కలియని ప్లేయరు ఎంత గొప్పదైనను ప్రయోజనము లేదు.

విదేశములందున్న బిడ్డలు డిస్కులు పంపువారు మఱియొక సంగతి గమనింపవలయును. డీవీడీలకు ప్రాంతసంఖ్య లేర్పఱచిరి. అమెరికాకు 1, బ్రిటనుకు 2, మన దేశమునకు 5. బ్లూ-రేకు వరుసగ ఎ, బి, సి యను అక్షరములు. ఒక ప్రాంతమునకు కట్టుబడిన డిస్కు వేఱొక ప్రాంతపు ప్లేయరులో ఆడదు. అన్ని ప్రాంతములకును చెల్లు డిస్కులు గూడ కలవు. కావున అట్టపై గుర్తును చూచి తెప్పించుకొనుడు.

అంగడిలో వర్తకుడు తన డిస్కును వేసి చూపును. అది చాలదు. మీ యింటి డిస్కులు రెండుమూడు, ముఖ్యముగ పెండ్లి డిస్కును, వెంట గొనిపోయి వేయించి చూడుడు. ఇంట నకలు తీసిన డిస్కులు కొన్ని ప్లేయర్లలో ఆడి, కొన్నిటిలో ఆడవు. రిమోటుపై అక్షరములు మన కన్నులకు అందునో లేదో గూడ చూచుకొనుడు. వినికిడి తగ్గినవారు డిస్కులో మాటలు తెరపై అక్షరములుగ వచ్చు సదుపాయ మున్నదేమో విచారింపవలయును.

ఈ పని వాయిదా వేయదగినది కాదు. 2019లో శామ్‌సంగ్ సంస్థ అమెరికాలో క్రొత్త బ్లూ-రే ప్లేయర్లను ప్రవేశపెట్టుట మానినది. 2024లో ఎల్‌జీ సంస్థ వాని తయారీని విరమించినది. చిత్రములు ఇంటర్నెట్టు ద్వారమున వచ్చుచుండుటచే డిస్కుల వాడుక సన్నగిల్లుచున్నది. సినిమా మఱియొక మార్గమున దొరకును. మీ తండ్రిగారి స్వరము మాత్రము మీ బీరువాలోని డిస్కులో తప్ప మఱెచ్చటను దొరకకపోవచ్చును. పెండ్లి డిస్కులలో వ్రాత రంగుపూతపై నుండును. ఎండకు, వేడికి అది చెడును. కావున ప్లేయరు కొన్నదినముననే, తెలిసిన పిల్లవానిచేత ఆ డిస్కులకు వేఱొక ప్రతిని కంప్యూటరునందు తీయింపుడు. డిస్కును తుడుచునపుడు మెత్తని గుడ్డతో నడుమనుండి అంచునకు తుడువవలెను, గుండ్రముగ త్రిప్పరాదు.

తాటాకు గ్రంథములు చెదలపాలు కాకమునుపే ప్రతి వ్రాయించి మనకప్పగించిన పెద్దల సంతతివారము మనము. ఆ బుద్ధి యీ డిస్కులయెడను చూపవలయునని ప్రార్థించి సెలవు తీసికొనుచున్నాను.