పంటి వైద్యం: పొదుపు ఎక్కడ, నష్టం ఎక్కడ?

మానవ శరీరంలో అన్నింటికంటె గట్టి పదార్థం ఎముక కాదు. పంటిని కప్పి ఉండే పింగాణి పొర. బరువులో దాదాపు 96 శాతం ఖనిజమే అయిన ఈ పొర జీవితాంతం నమలడాన్ని తట్టుకోగలదు. కాని దానికి ఒక లోపం ఉంది. విరిగిన ఎముక అతుక్కుంటుంది, తెగిన చర్మం మానుతుంది; రంధ్రం పడిన పింగాణి మాత్రం తిరిగి పెరగదు. పంటి వైద్యానికయ్యే ఖర్చు రహస్యమంతా ఈ ఒక్క వాస్తవంలో ఇమిడి ఉంది.

ఇంటి ఖర్చు తగ్గించుకోవలసి వచ్చినప్పుడు మన కుటుంబాలు ముందుగా వాయిదా వేసే వైద్యాలలో పంటి వైద్యం ఒకటి. జ్వరం వస్తే వైద్యుని వద్దకు పరుగెత్తే వారు సైతం పంటిపోటును లవంగంతోనో, మాత్రతోనో సరిపెట్టుకుంటారు. ఇందుకు కారణం లేకపోలేదు. ఆరోగ్య బీమా పాలసీలలో అధిక భాగం ప్రమాదంలో తగిలిన దెబ్బలకు తప్ప సాధారణ దంతవైద్యానికి వర్తించవు. ప్రతి రూపాయీ సొంత జేబు నుంచే పోవాలి. కావుననే ఆ రూపాయిని ఎక్కడ మిగుల్చుకోవచ్చునో, ఎక్కడ మిగుల్చుకోబోతే పదింతలు పోతుందో తెలిసి ఉండడం అవసరం.

ఒకే పన్ను, నాలుగు ధరలు

పంటి వైద్యంలో ధరను నిర్ణయించేది వైద్యుడు మాత్రమే కాదు. మీరు ఏ దశలో ఆయన వద్దకు వెళ్ళారన్నదే ముఖ్యం.

మొదటి దశలో పంటిపై సుద్దవంటి తెల్లని మచ్చ కనిపిస్తుంది. పింగాణిలోని ఖనిజం కరగడం ప్రారంభమైందన్న మాట. రంధ్రం పడకముందు లాలాజలం, ఫ్లోరైడ్ కలిసి ఈ నష్టాన్ని పూడ్చగలవు. అప్పుడు ఖర్చు టూత్‌పేస్టు ధర మాత్రమే. రెండవ దశలో పింగాణికి రంధ్రం పడి, దాని కింద ఉండే మెత్తని డెంటీన్ పొర పుచ్చుతుంది. దీనికి ఫిల్లింగ్ చాలు. తరచుగా ఒక్కసారి కూర్చుంటే పని పూర్తవుతుంది. మూడవ దశలో పుచ్చు పంటి నడుమనున్న నాడులను, రక్తనాళాలను చేరుతుంది. ఇక రూట్ కెనాల్ చేయించి, చాలా సందర్భాలలో పైన క్యాప్ కూడా వేయించవలసి ఉంటుంది. నాలుగవ దశలో పన్ను తీసివేయక తప్పదు.

పన్ను పీకించుకుంటే చౌకలో పోతుందని భావించేవారు ఆ ఖాళీకి అయ్యే ఖర్చును లెక్కలో వేయరు. పక్క పళ్ళు క్రమంగా ఆ ఖాళీలోకి ఒరుగుతాయి. ఎదుటి దవడలోని పన్ను తనకు ఆధారం లేక కిందికో పైకో జరుగుతుంది. ఆ తరువాత కట్టుడుపన్నో, బ్రిడ్జో, ఇంప్లాంటో కావలసి వస్తుంది. గోటితో పోయేదానిని గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఇదే.

ఈ ప్రయాణంలో మనిషిని మోసగించే మలుపు ఒకటి ఉంది. కొన్ని రోజులు నిద్రపట్టనివ్వని పోటు ఒకనాడు హఠాత్తుగా ఆగిపోతుంది. రోగి ఊరట చెందుతాడు; వైద్యుని వద్దకు వెళ్ళే ఆలోచన మానుకుంటాడు. నిజానికి తగ్గింది వ్యాధి కాకపోవచ్చు. లోపలి నాడి చచ్చిపోయి ఉండవచ్చు. వ్యాధి నిశ్శబ్దంగా వేరు కొస వరకు పాకి, నెలల తరువాత చీముగడ్డగా బయటపడుతుంది.

తొలి పొదుపు వంటింట్లోనే

నోటిలోని సూక్ష్మజీవులు చక్కెరను తిని ఆమ్లాన్ని తయారుచేస్తాయి. ఆ ఆమ్లమే పింగాణిని కరిగిస్తుంది. ఒకసారి తీపి తిన్న తరువాత లాలాజలం ఆ ఆమ్లాన్ని విరిచి నోటిని మామూలు స్థితికి తేవడానికి సుమారు అరగంట, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువ సమయం పడుతుంది.

1940లలో, 1950ల ఆరంభంలో స్వీడన్‌లోని విపెహోల్మ్ ఆస్పత్రిలో ఈ విషయమై సుదీర్ఘమైన పరిశోధన జరిగింది. మానసిక వికాసం కొరవడిన రోగులపై, వారి అనుమతి లేకుండా జరిపిన ఆ ప్రయోగం అనంతర కాలంలో తీవ్రమైన విమర్శకు గురైంది. కాని దాని ఫలితం దంతవైద్యంలో నిలిచిపోయింది: భోజనంతోపాటు తిన్న తీపి కంటె, భోజనాల మధ్య పదేపదే తిన్న, పళ్ళకు అతుక్కునే మిఠాయిలు ఎంతో ఎక్కువ హాని చేశాయి. అనగా ఎంత తిన్నారన్నదానికంటె ఎన్నిసార్లు తిన్నారన్నది ప్రధానం. రోజుకు ఆరుసార్లు చక్కెర వేసిన కాఫీనో టీనో చప్పరించేవారు తమ పళ్ళకు ఆరుసార్లు ఆమ్లస్నానం చేయిస్తున్నారన్న మాట. తీపిని భోజనంతోనే ముగించి, తరువాత నీళ్ళతో నోరు పుక్కిలించడానికి పైసా ఖర్చు కాదు.

రోజుకు రెండుసార్లు పళ్ళు తోముకోవాలి. వాటిలో రాత్రి పడుకోబోయే ముందు తోముకునేది మరీ ముఖ్యం. నిద్రలో లాలాజలం తగ్గిపోతుంది గనుక. టూత్‌పేస్టు కొనేటప్పుడు ప్రకటనలను కాక, పెట్టెపై ఫ్లోరైడ్ ఉన్నట్లు రాసి ఉన్నదో లేదో చూడండి. అది ఉంటే చౌకరకం పేస్టు కూడా తన పని చక్కగా చేస్తుంది. బొగ్గుపొడి, ఇటుకపొడి పింగాణిని అరగదీస్తాయి. పళ్ళపొడులలో, పేస్టులలో పొగాకు కలపడాన్ని మన ప్రభుత్వం 1992లోనే నిషేధించింది. ఆ అలవాటు ఖరీదు పళ్ళతో ఆగదు.

ఫ్లోరైడ్ విషయంలో తెలుగువారికి ఒక హెచ్చరిక అవసరం. నాటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో 1937లోనే ఫ్లోరోసిస్ వ్యాధిని వైద్యులు నమోదు చేశారు. నల్లగొండ ప్రజల బాధ జగద్విదితం. తాగునీటిలో అధికంగా ఉన్న ఫ్లోరైడ్ ఎముకలను, పళ్ళను పాడుచేస్తుంది. పేస్టులో పరిమితంగా ఉండి, తోముకున్నాక ఉమ్మివేసే ఫ్లోరైడ్ పళ్ళను కాపాడుతుంది. పసిపిల్లలు పేస్టును మింగుతారు కనుక మూడేళ్ళలోపు వారికి బియ్యపుగింజంత, ఆరేళ్ళలోపు వారికి బఠాణీగింజంత మాత్రమే వేయాలి. ఫ్లోరైడ్ నీటి ప్రాంతాలవారు పిల్లల పేస్టు గురించి దంతవైద్యుని సలహా తీసుకోవడం మంచిది.

తక్కువ ఖర్చుకు మంచి వైద్యం

మన దేశంలో తొలి దంతవైద్య కళాశాలను డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ 1920లో కలకత్తాలో స్థాపించారు. నేడు దేశవ్యాప్తంగా 300కు పైగా దంతవైద్య కళాశాలలు ఉన్నాయి. ప్రతి కళాశాలకూ అనుబంధంగా ఆస్పత్రి ఉంటుంది. రోగులు లేనిదే విద్యార్థులకు శిక్షణ లేదు. అందువల్ల అక్కడి రుసుములు ప్రైవేటు వైద్యశాలలకంటె సాధారణంగా ఎంతో తక్కువ. హైదరాబాదు, విజయవాడ, చెన్నై, బెంగళూరు, ముంబయి నగరాలలో ప్రభుత్వ దంతవైద్య కళాశాలలే ఉన్నాయి.

విద్యార్థి చేతికి పన్ను అప్పగించడమా అని సందేహించనక్కరలేదు. పని దశలవారీగా అధ్యాపకుని పర్యవేక్షణలో సాగుతుంది. అక్కడ మీరు చెల్లించే అసలు మూల్యం సమయమే. బయట ఒక గంటలో అయ్యే పనికి రెండు పూటలు పట్టవచ్చు. నాలుగుసార్లు తిరగవలసి రావచ్చు. ఆ తీరిక ఉన్నవారికి ఇది చక్కని మార్గం. ఈఎస్ఐ పరిధిలోని కార్మికులు తమ ఆస్పత్రులలో లభించే పంటి వైద్యాన్ని గురించి ముందుగా విచారించుకోవాలి.

చౌక చికిత్స అంతా నాసిరకం చికిత్స కాదు. పుచ్చిన భాగాన్ని యంత్రం లేకుండా చేతి పనిముట్లతోనే తొలగించి, గ్లాస్ అయనోమర్ సిమెంటుతో పూడ్చే పద్ధతి 1980లలో టాంజానియాలో రూపుదిద్దుకుంది. ఆ సిమెంటును, ఫ్లోరైడ్ టూత్‌పేస్టును, పుచ్చు ముదరకుండా ఆపే సిల్వర్ డయామిన్ ఫ్లోరైడ్ ద్రవాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అత్యవసర ఔషధాల జాబితాలో చేర్చింది.

కుర్చీలో కూర్చొనే ముందు

వైద్యుని ప్రశ్నించడం అవమానించడం కాదు. ఈ నాలుగు సంగతులు మర్యాదగా అడగండి: ఏ పని వెంటనే చేయాలి, ఏది ఆరునెలలు ఆగగలదు? ఎక్స్‌రేలో కనిపించినదేమిటి? ఇంతకంటె తక్కువ ఖర్చులో అయ్యే చికిత్స ఉన్నదా, ఉంటే దాని లోపమేమిటి? మొత్తం ఎంతవుతుందో కాగితంపై రాసి ఇవ్వగలరా?

ఉదాహరణకు, నవ్వితే కనిపించని వెనుక దవడపన్నుకు ఖరీదైన తెల్లని క్యాప్ తప్పనిసరి కాదు. లోహపు క్యాప్ చౌకగా దొరుకుతుంది, గట్టిగా నిలుస్తుంది. పెద్ద ఖర్చు చెప్పినప్పుడు, ప్రాణాపాయం లేనంతవరకు, మరొక వైద్యుని అభిప్రాయం తీసుకోవడంలో తప్పు లేదు.

ఇక్కడ మాత్రం పొదుపు వద్దు

దుకాణంలో అడిగి కొన్న యాంటీబయాటిక్ మాత్రలు పుచ్చును నయం చేయలేవు. నొప్పి మాత్రను చిగురుపై ఉంచితే అక్కడి చర్మం కాలుతుంది. బజారులో కూర్చొని పళ్ళు కట్టేవారు కృత్రిమ దంతాన్ని పక్క పళ్ళకు అతికిస్తారు. దాని కింద పాచి చేరి, మంచి పళ్ళు కూడా పాడవుతాయి. 1948 నాటి దంతవైద్యుల చట్టం వచ్చినప్పటినుంచి నమోదు కానివారు ఈ వృత్తి చేయడం నేరం.

గార తీయిస్తే పళ్ళు వదులవుతాయన్న భయం కూడా ఖరీదైనదే. పళ్ళను వదులు చేసేది గారతో ముదిరిన చిగుళ్ళ వ్యాధి. దానిని తొలగించడం కాదు. మధుమేహం ఉన్నవారు చిగుళ్ళ విషయంలో మరింత జాగ్రత్త వహించాలి. ఆ రెండు వ్యాధులూ ఒకదానినొకటి పెంచుకుంటాయి. ముఖం వాచి జ్వరం వచ్చినా, నోరు తెరవడం, మింగడం కష్టమైనా ఖర్చు లెక్కలు పక్కన పెట్టి తక్షణం ఆస్పత్రికి వెళ్ళాలి. పంటి నుంచి బయలుదేరిన చీము గొంతును మూసి ప్రాణం తీయగలదు.

ఇక, ఇంట్లో ఆరేళ్ళ బిడ్డ ఉంటే ఈ రాత్రే దీపం వెలుతురులో ఆ నోరు తెరిపించి చూడండి. పాలపళ్ళ వరుసకు వెనుక, ఏ పన్నూ ఊడకుండానే, కొత్తగా ఒక దవడపన్ను మొలుస్తూ ఉంటుంది. చాలామంది తల్లిదండ్రులు అదీ పాలపన్నేననీ, ఊడిపోతుందనీ ఉపేక్షిస్తారు. అది ఊడే పన్ను కాదు. బిడ్డ జీవితాంతం నమలవలసిన పన్ను. దాని గుంటలను పుచ్చకముందే దంతవైద్యునిచేత పూత వేయించి మూయించవచ్చు. పంటి విషయంలో ఒక కుటుంబం చేయగల పొదుపులలో ఇంతకు మించినది అరుదు.